గుండ్లపెంట నైట్ హాల్ట్

దశరథం ఆ డ్యూటీకి వచ్చేనాటికి గుండ్లపెంటకు తారు రోడ్డు సగం దూరమే ఉండేది. మిగతాదంతా ఎర్రమట్టి బాట, వానాకాలంలో టైర్లు జారే బురద. అచ్చంపేటలో సాయంత్రం బయల్దేరిన బస్సు, అడవి అంచునున్న ఆ ఊరికి దీపాలు పెట్టే వేళకు చేరేది. రాత్రికి అక్కడే ఆగి, తెల్లవారుతుండగా మొదటి ట్రిప్పుగా తిరిగి వచ్చేది. డిపోలో దాన్ని నైట్ హాల్ట్ అంటారు. ఇంట్లో పెళ్లాం పిల్లలు ఎదురుచూసే డ్రైవర్లెవరూ కోరి ఆ డ్యూటీ అడగరు. దశరథమూ అడగలేదు. పైవాళ్లు వేశారు, పోయాడు.

మొదట్లో కండక్టర్ తోడుండేవాడు. కొన్నాళ్లకు టిక్కెట్ల మిషన్ కూడా డ్రైవర్ చేతికే వచ్చింది. ఇక ఆయన ఒక్కడే. అంతకుముందు బస్సువాళ్లకు సర్పంచ్ ఇంటి నుంచి అన్నం వచ్చేది. ఆ సర్పంచ్ ఎలక్షన్లో ఓడిపోయాక అదీ ఆగింది. ఒక సాయంత్రం దశరథం బస్సు మెట్టు మీద కూర్చుని బిస్కెట్లు నీళ్లతో మింగుతుంటే ఎదురింటి గుమ్మంలోంచి ఒకామె చూసింది. కాసేపటికి పళ్లెంలో జొన్నరొట్టెలు, పుంటికూర పెట్టుకుని వచ్చింది.

“మా ఊరి బస్సు నడిపే మనిషి పస్తు పండుకుంటే ఎట్ల?” అంది.

ఆమె పేరు పుల్లమ్మ. భర్త ఏసోబు పూణె దిక్కు పనికి పోయి, పునాది తీస్తుండగా మట్టిపెళ్ల విరిగిపడి చనిపోయాడు. కొడుకు నవీన్‌కుమార్ అప్పుడు హాస్టల్లో చదువుకుంటున్నాడు. ఆమె తన చెలకలో పల్లీ వేసేది, ఎండాకాలం తునికాకు కోతకు పోయేది, ఆదివారం పొద్దున పక్క ఊరి చర్చికి నడిచి వెళ్లేది. బస్సు ఆగే ఖాళీ జాగాకు ఎదురుగానే ఆమె ఇల్లు. ఆ రోజు నుంచి బియ్యం, నూనె, కూరగాయలు దశరథం అచ్చంపేట నుంచి తేవడం, ఆమె వండి పెట్టడం అలవాటైంది. ఊళ్లో ఎవరికీ అది వింతగా తోచలేదు. బస్సాయనకు ఎవరో ఒకరు పెట్టాలి, ఆమె పెడుతోంది, అంతే.

మరుసటి ఏడు దశరథం భార్య కల్వకుర్తిలోని ఇంట్లో జబ్బు చేసి చనిపోయింది. దినాలు అయిపోయాక డ్యూటీకి వచ్చిన మొదటి సాయంత్రం ఆయన పళ్లెం ముందు కూర్చుని ముద్ద కలుపుతూనే ఉన్నాడు, నోట్లో పెట్టుకోలేదు. పుల్లమ్మ తినమని బలవంతం చేయలేదు. గడప మీద కూర్చుని, ఏసోబును అంబులెన్సులో తెచ్చిన రోజు సంగతి చెప్పింది. ముఖం చూడనియ్యలేదని, చెయ్యి ఒకటే పట్టుకుని చూశానని, ఆ చేతికి ఇంకా సిమెంటు అంటుకుని ఉందని చెప్పింది. అంతకుముందు ఆ మాట ఎవరికీ చెప్పలేదట. దశరథం పళ్లెం పక్కన పెట్టి ఏడ్చాడు. ఆమె లేచి లోపలికి పోలేదు, ఓదార్చలేదు కూడా. ఏడుపు అయిపోయేదాకా అక్కడే ఉంది. “ఇప్పుడు తినుండ్రి, చల్లగైతుంది” అంది. తిన్నాడు.

ఆ తర్వాత సాయంత్రాలు మెల్లగా మారాయి. ఆయన బస్సు అద్దాలు తుడుచుకుని, బోరింగు దగ్గర కాళ్లు కడుక్కుని వచ్చేసరికి ఆమె చాప వేసి ఉంచేది. ఆ రోజు బస్సులో ఎవరెవరు ఎక్కిందీ, ఎక్కడ గొడవైందీ ఆయన చెప్పేవాడు. అడవిపందులు చెలకలో పడిన సంగతి, కొడుకు ఫోన్లో అన్న మాటలు ఆమె చెప్పేది. తిన్నాక ఆయన బస్సులోకి పోయి వెనక పొడుగాటి సీటు మీద పడుకునేవాడు. ఆమె తలుపు వేసుకునేది. పొద్దున బస్సు స్టార్ట్ చేసేసరికి గ్లాసులో చాయ్ పట్టుకుని వచ్చేది. ఏళ్లు గడిచినా ఇంతకు మించి వాళ్ల మధ్య ఏమీ జరగలేదు. ఒక్కసారి మాత్రం, ఆయనకు విపరీతమైన జ్వరం వచ్చి సీటు మీద నుంచి లేవలేకపోతే, ఆమె బస్సులోకి వచ్చి తడిగుడ్డ వేసి, పక్క ఊరి ఆరెంపీ డాక్టరును పిలిపించి, ఆయన కళ్లు తెరిచేదాకా పక్కసీట్లో కూర్చుంది. ఆ పొద్దు బస్సు కదలలేదు. డిపోలో మేనేజర్ కేకలు వేశాడు. దశరథానికి ఆ కేకలు ఏమీ గుర్తులేవు. కళ్లు తెరిచినప్పుడు కిటికీలోంచి పడుతున్న ఎండకు ఆమె కొంగు అడ్డం పట్టుకుని ఉండటమే గుర్తుంది.

ఆడవాళ్లకు బస్సు ప్రయాణం ఫ్రీ అయ్యాక రూటంతా మారిపోయింది. అచ్చంపేటలో కాలు పెట్టే జాగా ఉండేది కాదు. ఎక్కినవాళ్లంతా ఊరూరా దిగిపోగా గుండ్లపెంటకు వచ్చేసరికి బస్సు దాదాపు ఖాళీ అయ్యేది. మధ్యలో చీలిపోయే రామగిరిపల్లి బాటలో మాత్రం బస్సే లేదు. ఆ దిక్కు నుంచి కాలేజీ పిల్లలు పొద్దున్నే పుస్తకాల సంచులు మోసుకుని మెయిన్ రోడ్డు దాకా నడిచి వచ్చేవాళ్లు. అప్పటికే నిండిపోయిన బస్సును ఆపమని చేతులెత్తేవాళ్లు. ఒక్కోసారి దశరథం ఆపలేకపోయేవాడు. అద్దంలో వాళ్లు చేతులు దించడం కనిపించేది.

అలాంటి రోజుల్లో డిపోకు సుస్మిత వచ్చింది. చిట్యాల పిల్ల. తండ్రి హైవే మీద లారీ నడుపుతాడు. హైదరాబాదులో ఒక కంపెనీలో ఉద్యోగం. ఏ ఊరివాళ్లు ఏ వేళకు ఎటు పోతున్నారు, ఏ బస్సును ఎటు తిప్పితే ఎక్కువమందికి అందుతుంది అనేది మ్యాపు మీద లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ పని ఆమెది. బస్సులన్నిటికీ జీపీఎస్ పెట్టారు. టిక్కెట్ల మిషన్లలోని లెక్క తీసుకున్నారు. అయినా ఆమె ప్రతి రూటూ ఒకసారి ఎక్కి చూస్తానంది.

గుండ్లపెంట రూటుకు వచ్చిన సాయంత్రం ఆమె డ్రైవర్ సీటు పక్కనున్న ఇంజన్ డబ్బా మీద, ఒళ్లో ట్యాబు పెట్టుకుని కూర్చుంది. స్టాపు వచ్చినప్పుడల్లా ఏదో నొక్కింది.

“మా నాయిన గూడ గిట్లనే, బండి నడిపేటప్పుడు మాట్లాడడు” అంది నవ్వుతూ. “మిమ్మల్ని కాకా అనొచ్చునా?”

“అను బిడ్డా” అన్నాడు దశరథం.

రాత్రి బస కాబట్టి ఆమె కూడా ఊళ్లోనే ఉండాల్సి వచ్చింది. పుల్లమ్మ ఇంట్లోనే ముగ్గురూ కలిసి తిన్నారు. పచ్చిపులుసు బాగుందని సుస్మిత రెండుసార్లు పోయించుకుంది. పుల్లమ్మకు ఆడపిల్లలు లేరు. ఆ పిల్ల తలకు నూనె లేక జుట్టు పీచులా అయిందని కోప్పడి, కూర్చోబెట్టి నూనె రాసి జడ వేసింది. దశరథం గోడకు ఆనుకుని చూస్తూ కూర్చున్నాడు. ఆయనకు చాలాకాలం తర్వాత తన ఇంట్లో కూర్చున్నట్టు అనిపించింది. అది తన ఇల్లు కాదని వెంటనే గుర్తొచ్చి లేచి బస్సు దగ్గరికి పోయాడు.

పొద్దున పుల్లమ్మ చాయ్ తెచ్చింది. ఆయన మెల్లగా తాగాడు. ఆమె గ్లాసు కోసం నిలబడింది. ఇద్దరూ పల్లీ చేనుకు పట్టిన ఏదో తెగులు గురించి మాట్లాడుకున్నారు. సుస్మిత బస్సులోంచి చూసింది.

రెండు వారాలకు ఆమె డిపో ఆఫీసులో దశరథాన్ని కూర్చోబెట్టి కంప్యూటర్ చూపించింది. తెర మీద తాలూకా అంతా పరుచుకుని ఉంది. జనం ఎక్కువ పోయే బాటలు లావుగా, తక్కువ పోయేవి సన్నగా గీతలు. అచ్చంపేట దగ్గర గీతలు తాళ్లంత లావున్నాయి. గుండ్లపెంటకు పోయేది వెంట్రుకంత ఉంది.

“చూడుండ్రి కాకా. పగటి బస్సులు అట్లనే ఉంటయి. ఊరోళ్లకు దవాఖానకు, సంతకు ఇబ్బంది కాదు. రాత్రి ఆగేది మాత్రం రామగిరిపల్లికి మారిస్తే, పొద్దుగాల ఫస్టు ట్రిప్పుకు అక్కడి కాలేజీ పిల్లలందరు ఎక్కుతరు. ఇంకో రెండు ఊళ్లు గూడ కలుస్తయి. సాఫ్ట్‌వేర్ ఎన్నితీర్ల తిప్పి చూసినా గదే చెప్తాంది.”

దశరథం తెరను చాలాసేపు చూశాడు. అందులో తప్పేమీ కనిపించలేదు. చేతులు దించిన ఆ పిల్లల ముఖాలు ఆయనకు తెలుసు.

సుస్మిత గొంతు తగ్గించింది. “ఒకటి అడుగుత, ఏమనుకోవద్దు. మీ బస్సు అన్ని స్టాపులల్ల టైముకు కదుల్తది. గుండ్లపెంటల పొద్దుగాల మాత్రం రోజు లేటు. జీపీఎస్‌ల పడ్డది. ఎందుకు?”

“ఇంజన్ వేడెక్కాలె గద బిడ్డా.”

ఆమె నవ్వలేదు. “కాకా, దీంట్ల ఒక సదుపాయం ఉంది. ఫలానా ఊరిని తప్పించొద్దు అని మనమే చెప్పొచ్చు. అప్పుడు అది ఉంచి మిగతావి సర్దుతది. కానీ నేను కారణం రాయాలె. దవాఖాన అనో, బడి అనో, రాత్రిపూట ఆపదకు బండి దొరకదనో. మీరు ఏదన్న ఒక్క మాట చెప్పుండ్రి. నేను రాస్త.”

అడగకుండానే ఆ పిల్లకు అంతా తెలుసని దశరథానికి అర్థమైంది. చెప్పాల్సిన మాట గొంతు దాకా వచ్చింది. దాన్ని ఏమని చెప్పాలి? అక్కడ ఒక మనిషి ఉందని చెప్పాలా? ఆమె తనకు ఏమవుతుందని అడిగితే? తన పేరుకు ఏమైనా ఫర్వాలేదు. ఊళ్లో ఆమె పేరు, కొడుకు ముందు ఆమె పేరు, చర్చిలో ఆమె పక్కన కూర్చునేవాళ్ల ముందు ఆమె పేరు తను తీయడానికి తనెవరు? అన్నిటికీ మించి, ఆమె మనసులో ఏముందో ఏనాడూ అడగనే లేదు. లేని ఆపదను కారణంగా చెప్పి ఆ పిల్లల బస్సు ఆపడానికీ మనసొప్పలేదు.

“ఏం లేదు బిడ్డా” అన్నాడు. “లెక్కల ఎట్లున్నదో అట్లనే రాయి.”

“రేపటిదాక టైముంది కాకా” అంది సుస్మిత. ఆయన తల ఊపి వచ్చేశాడు. మర్నాడు ఆఫీసు ముందు నుంచే పోయాడు కానీ లోపలికి పోలేదు.

నెల తిరక్కుండానే ఆర్డరు వచ్చింది. ఆఖరి సాయంత్రం దశరథం అచ్చంపేటలో తిరిగి తిరిగి మంచి చేపలు కొన్నాడు. పుల్లమ్మ వండింది. తినడం అయ్యేదాకా చెప్పలేకపోయాడు. చేయి కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుంటూ చెప్పాడు.

“రేపటి సంది బస్సు రామగిరిపల్లిల ఆగుతది. ఈడికి రాత్రి బస్సు లేదు.”

ఆమె గిన్నెలు సర్దుతున్న చేయి ఆగింది. “పగటి బస్సు?”

“అది ఉంటది. దాన్ని వేరే ఆయన నడుపుతడు.”

“మీరు?”

“నాది రాత్రిదే గద.”

ఆమె గిన్నెలన్నీ ఒకదాంట్లో ఒకటి పెట్టింది. మళ్లీ బయటికి తీసింది. “ఆ ఊర్ల అన్నం ఎవరు పెడతరు?”

“హోటల్ ఉన్నదట.”

“హోటల్ కూరల సోడా వేస్తరు. మీకు కడుపు మంట.”

“సర్దుకుంట.”

“జ్వరమొస్తే?” అంది. గిన్నెల మీది నుంచి చూపు తీయకుండానే, “మీరేం చెప్పలేదా వాళ్లకు?” అని అడిగింది.

“ఏం చెప్పాలె?” అన్నాడు దశరథం.

ఆమె ముఖం ఎత్తి ఆయన వైపు చూసింది. ఆయన కూడా చూశాడు. ఇద్దరిలో ఎవరైనా ఒక్క మాట అనేదుంటే అప్పుడే అనాల్సింది. బయట ఎవరో బర్రెను అదిలిస్తూ పోయారు. ఆమె గిన్నెలు తీసుకుని బోరింగు దగ్గరికి వెళ్లిపోయింది. చాలాసేపు తోమింది. పొద్దున చాయ్ తెచ్చింది. గ్లాసు తిరిగి తీసుకుని, “పైలం” అంది. ఆ రోజు బస్సు సరిగ్గా టైముకు కదిలింది.

రామగిరిపల్లిలో హాల్ట్ బాగానే ఉంది. పంచాయతీ ఆఫీసులో పడుకోవడానికి గది ఇచ్చారు, ఫ్యాను కూడా ఉంది. పొద్దున ఆడపిల్లలు గలగలమంటూ ఎక్కేవాళ్లు. వాళ్లలో ఒకమ్మాయి ప్రతిరోజూ “గుడ్ మార్నింగ్ తాతా” అనేది. దశరథం వాళ్ల మీద కోపం తెచ్చుకోవాలని ఏనాడూ అనుకోలేదు, రాలేదు కూడా. కానీ సాయంత్రం బస్సు చీలిక దగ్గర ఎడమకు తిరిగినప్పుడల్లా ఆయన చేతులు స్టీరింగును కుడివైపుకు లాగబోయేవి. ఒకసారి నిజంగానే కొంతదూరం పోయి, ప్రయాణికులు అరిస్తే వెనక్కి తిప్పాడు.

పుల్లమ్మకు ఫోన్ ఉంది. ఆయన దగ్గర నంబరూ ఉంది. తేవాల్సిన సామాన్ల కోసమే ఎప్పుడూ ఆ నంబరుకు చేసేవాడు. ఇప్పుడు తేవాల్సింది ఏమీ లేదు. ఫోన్ చేసి ఏమని మొదలుపెట్టాలో తెలియలేదు.

పల్లీ పీకే రోజుల్లో, సెలవు పెట్టి, ఖాకీ విప్పేసి తెల్లచొక్కా తొడుక్కుని, పగటి బస్సెక్కి గుండ్లపెంటకు పోయాడు. ఆ డ్యూటీ చేసే కాటమయ్య వింతగా చూసి, “ఏందన్నా, గిటు వచ్చినవ్?” అన్నాడు. “పనుంది” అన్నాడు దశరథం.

పుల్లమ్మ ఇంటి ముందు మోటార్ సైకిల్ ఉంది. నవీన్‌కుమార్ గడప దగ్గర కూర్చుని పల్లీ చెట్ల నుంచి కాయ దూస్తున్నాడు. ఇప్పుడు షాద్‌నగర్‌లో కంపెనీలో పనిచేస్తున్నాడు, పెళ్లయింది. మర్యాద గల పిల్లాడు. లేచి కుర్చీ వేశాడు.

“కూర్చోండి సార్. రాత్రి బస్సు ఈడ ఆగుతలేదట గద. ఏమన్న పని మీద వచ్చిన్రా?”

ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. దశరథం దారంతా అనుకున్న జవాబులన్నీ మరిచిపోయాడు. ఇన్నేళ్లూ ఆ గడప ముందు కూర్చోవడానికి బస్సు ఆయనకు కారణంగా ఉండేది. ఇప్పుడు వెనక బస్సు లేదు. ఒక మగమనిషి, చుట్టం కాదు, ఆ కులం కాదు, మధ్యాహ్నం పూట వేరేవాళ్ల ఇంటికి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

“గీ దిక్కు తెలిసినోళ్లుంటే వచ్చిన” అన్నాడు.

పుల్లమ్మ లోపలి నుంచి వచ్చింది. ఆయన్ను చూడగానే ఆమె ముఖంలో వెలుగు వచ్చింది. కొడుకు వైపు చూశాక అది పోయింది. చెంబుతో నీళ్లు ఇచ్చింది.

“మంచిగున్నవా అన్నా?” అంది.

ఊళ్లో ఆడవాళ్లందరూ ఆయన్ను అన్నా అనేవాళ్లు. పుల్లమ్మ ఒక్కతే ఇన్నేళ్లలో ఎప్పుడూ ఆ మాట అనలేదు. ఏ పేరూ పెట్టకుండానే మాట్లాడుతూ వచ్చింది. దశరథం నీళ్లు తాగి చెంబు కింద పెట్టాడు. “మంచిగున్న చెల్లె” అన్నాడు.

నవీన్‌కుమార్ తన భార్య శ్రీదేవికి ఏడో నెల అని, అమ్మను షాద్‌నగర్ తీసుకుపోతున్నానని సంతోషంగా చెప్పాడు. ఒక్కతే ఇక్కడ ఎందుకు, ఇంక కష్టపడింది చాలు అన్నాడు. దశరథం మంచిదన్నాడు. తిని పొమ్మని కొడుకే అడిగాడు. పుల్లమ్మ అడగలేదు. వాపసు పోయే బస్సు హారన్ వినిపించేసరికి దశరథం లేచాడు.

క్రిస్మస్ ముందర ఒక సాయంత్రం అచ్చంపేట బస్టాండులో ఆయన బస్సు ప్లాట్‌ఫారం మీద పెట్టి సీట్లో కూర్చుని ఉన్నాడు. కిటికీ పక్కకు ఎవరో వచ్చి నిలబడ్డారు. చేతిలో మూట, కాళ్ల దగ్గర బియ్యం సంచి. పుల్లమ్మ.

“పోతున్న” అంది. “వాడు టిక్కెట్ల కాడ ఉన్నడు.”

“ఇల్లు?”

“తాళమేసిన. చెలక కౌలుకిచ్చిన.”

దశరథం తల ఊపాడు. బస్సు నిండిపోయింది, పిల్లలు వెనక నవ్వుతున్నారు. దిగుదామని తలుపు గడియ మీద చేయి వేశాడు. అదే సమయానికి కంట్రోలర్ విజిల్ వేశాడు. ఆలస్యమైతే ఇప్పుడు ఆఫీసులో వెంటనే తెలిసిపోతుంది.

“తిన్నవా?” అని అడిగింది పుల్లమ్మ.

“ఇంకా లేదు. నువ్వు?”

ఆమె తినలేదని తల అడ్డంగా ఊపింది. ఇంకేదో అనబోయింది. కంట్రోలర్ మళ్లీ విజిల్ వేశాడు. “పో, పిల్లలు కూసున్నరు” అంది. ఆయన గేరు వేశాడు. బస్టాండు గేటు దాకా అద్దంలో ఆమె కనిపించింది. మూట ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకుంది. ఆ తర్వాత మలుపు వచ్చింది.

ఎండాకాలంలో సుస్మిత మళ్లీ డిపోకు వచ్చింది. కొత్త రూట్లు ఎలా నడుస్తున్నాయో చూడటానికి. రామగిరిపల్లి గీత ఇప్పుడు లావుగా ఉందని, కాలేజీలో ఆ దిక్కు ఆడపిల్లలు ఎక్కువ చేరారని దశరథానికి చూపించింది.

“మంచిగైంది బిడ్డా” అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు.

ఆమె తెర వైపే చూస్తూ, “పుల్లమ్మత్త ఎట్లున్నది కాకా?” అని అడిగింది.

“షాద్‌నగర్‌ల ఉన్నదట. మనుమరాలు పుట్టిందని కాటమయ్య చెప్పిండు.”

సుస్మిత కంప్యూటర్ మూసి, ఆయన రెండు చేతులూ పట్టుకుంది. చిన్నపిల్ల, ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. “ఊకో బిడ్డా, నీదేం లేదు గిండ్ల” అని దశరథమే ఆమెను ఊరుకోబెట్టాడు.

అచ్చంపేట నుంచి కల్వకుర్తికి పోయి అక్కడ మారితే షాద్‌నగర్‌కు పొద్దంతా బస్సులే. డ్రైవర్‌కు తెలియని సంగతి కాదు. దశరథం రిటైరయ్యేదాకా రామగిరిపల్లి హాల్ట్‌లోనే ఉన్నాడు. సెలవు రోజుల్లో ఎప్పుడైనా కల్వకుర్తి దాకా పోయేవాడు. అక్కడున్న తన కొడుకును, కోడలిని చూసి, చీకటి పడకముందే వాపసు వచ్చేవాడు.